కచేరికి చెప్పని పేరు

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోను తెచ్చి నా కళ్లముందు పెట్టింది. న్యాయశాస్త్రం మూడో ఏడు చదువుతోంది. సివిలు దావాలు నడిపే వకీళ్ల దగ్గర నాలుగు నెలలు పని నేర్చుకుంటే కాలేజీవాళ్లు మార్కులు కూడా వేస్తారట, దానికి దరఖాస్తు నింపుతోందట. మధ్యలో ఆగి, బాపమ్మా, నీ కాలంలో నువ్వు మొట్టమొదట నేర్చుకున్నదేమిటి అని అడిగింది. ఫైలుకు దారం కట్టడం అన్నాను. నవ్వుకుంటూ లేచిపోయింది. ఎనభై దాటిన మనిషి మనవరాలితో అబద్ధమాడిందని మీరు అనుకోవద్దు. దారం కట్టడం కూడా నేర్చుకున్నాను. ఆ పిల్లతో చెప్పలేని మిగతా సంగతిని నా ఈడువాళ్లైన మీతోనైనా చెప్పుకోవాలనిపించి రాస్తున్నాను.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చి నాలుగైదేళ్లు అయిన రోజులవి. కరీంనగర్‌లో బడిపంతులుగా ఉన్న మా బాపు, చుట్టాలందరూ ముక్కున వేలేసుకుంటున్నా లెక్కచేయక, నన్ను హైదరాబాదు పంపి లా చదివించాడు. చివరి పరీక్షలు రాసి ఫలితాల కోసం చూస్తున్నప్పుడు, ఊరికే ఇంట్లో కూర్చుంటే చదివింది మరిచిపోతానని, ఆదిలాబాద్‌లో వకీలుగా ఉన్న మా మేనమామ దగ్గరికి తోలాడు. తొలకరి పడి పత్తి గింజలు పెడుతున్న రోజులు. మామ ఆఫీసు గదిలో పాత కట్టలన్నీ ఉర్దూలో, కొత్తవన్నీ ఇంగ్లీషులో, వచ్చే కక్షిదారుల్లో సగంమంది మరాఠీలో మాట్లాడుతుండేవారు. మామ గొంతు పెంచడం నేనెన్నడూ వినలేదు. ఎదుటి పక్షపు సాక్షిని కూడా అమ్మా, అయ్యా అనే పిలిచేవాడు. ఆ మర్యాద చూసి నేను మురిసిపోయి, నేనూ ఇలాంటి వకీలునే కావాలని నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను.

నా చేత ఆయన మొదట నకలు రాయించిన దావా ఒక రైతుది. చనిపోయిన తమ్ముడి భూమి మరదలి చేతిలో ఉంది, అది తనకు ఇప్పించాలని ఆయన కోరిక. పాత చట్టం ప్రకారం విధవ మళ్లీ మనువాడితే మొదటి భర్త ఆస్తి మీద ఆమెకు హక్కు పోయేది. కొత్త వారసత్వ చట్టం వచ్చి ఆడవాళ్లకు కాస్త నీడ దొరికింది గానీ, ఈమె భర్త అంతకు ముందే పోయాడు. కాబట్టి తగువంతా ఒక్క ప్రశ్న మీద నిలిచింది. కొత్త చట్టం రాకముందు ఆమె మళ్లీ మనువాడిందా, లేదా? ఆడి ఉంటే ఆపాటికే ఆమె హక్కు పోయినట్లు, లేకుంటే భూమి ఆమెదే. భర్త పోయాక ఆమె పెన్‌గంగ నది అవతల అన్న ఇంట్లో రెండేళ్లు ఉండి వచ్చిందన్న సంగతి అందరికీ తెలుసు. అక్కడేం జరిగిందో చెప్పడానికి మాత్రం నది దాటి వచ్చే సాక్షి ఒక్కడూ లేడు. ప్రతివాదికి సంతానం లేదు అన్న వాక్యం నా చేతిరాతతోనే ఆ నకల్లో ఉంది.

కోర్టు కచేరిలో ఆడవాళ్లకంటూ మరుగుదొడ్డి లేదు. వెనక గేటు దాటి, బురదలో నడిచి, జిన్నింగు మిల్లు కూలీ ఒకాయన ఇంటికి పోవాలి. ఆయన భార్య పెరటి తడక తెరిచి పోనిచ్చేది. వాయిదాల రోజుల్లో ఆ ఆవరణ మొత్తానికి ఆడమనుషులం మేమిద్దరమే, నేనూ, ఆ ప్రతివాదీ. నేను ఎదుటి వకీలు మేనకోడలినని ఆమెకు తెలుసు. అయినా నన్ను చూడగానే లేచి, తన గొంగడి ఇద్దరి నెత్తిమీదా కప్పి, జారకుండా నా రెక్క పట్టుకుని నడిపించేది. ముప్పయి అయిదేళ్లుంటాయేమో. నన్ను బిడ్డా అనేది, నేను అక్కా అనేదాన్ని.

మూడో వాయిదా నాడు నాకు నెలసరి వచ్చి కడుపునొప్పితో నిలబడలేకపోయాను. ఆమె నన్ను ఆ పెరట్లో రాయిమీద కూర్చోబెట్టి, మిల్లు కూలీ భార్యనడిగి వాము నీళ్లు తెప్పించి తాగించి, నడుము రాస్తూ అంది:

"ఫికర్ జెయ్యకు బిడ్డా. ఒక్క కాన్పైతే గీ నొప్పంత పోతది. నాకట్లనే పోయింది."

నొప్పి నిజంగా నిమిషంపాటు ఆగిపోయింది. నకల్లో నేను రాసిన వాక్యం కళ్లముందు కదిలింది. ఎన్నో ఏళ్లుగా నాకు నేను చెప్పుకుంటూ వచ్చిందేమంటే, ఆ తర్వాతి మాట నేను జాలితో అడిగానని. అది నిజం కాదు. వకీలునై అడిగాను.

"ఎక్కడున్నది అక్కా నీ బిడ్డ?"

ఆమె చెయ్యి నా నడుము మీదే ఆగిపోయింది. ఎవరికీ చెప్పుకోక లోపల అరిగిపోయిన మాటలు, ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. భర్త పోయిన ఏడాదికే అన్న ఆమెను ఒక ముసలాయనకు పాట్ కట్టించాడట. నది అవతల విధవకు చేసే మనువును అలా అంటారు. కొట్టేవాడట. ఆడపిల్ల పుట్టి తొమ్మిది రోజులు బతికిందట. పోయిన బిడ్డను పూడ్చిన మర్నాడే నది దాటి వచ్చేసి, బీడుపడ్డ భర్త చేనును ఒక్కతే దున్నుకుందట.

ఆ సాయంత్రం మామ కోర్టు నుంచి వచ్చి చాయ్ తాగుతుండగా నేను పూసగుచ్చినట్లు చెప్పాను. పరీక్షలో ఎవరికీ రాని జవాబు నాకొక్కదానికే వచ్చినంత గర్వంగా చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టి, కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"పిల్ల పేరేం బెట్టిందో అడిగినవా?"

"లే మామా. పేరెందుకు?"

"కాన్పు కాలే అంటది, మనువాడలే అంటది. ఎవలన్న అంటరు. కన్నపిల్ల పేరు ఇన్నంక మాత్రం లేదనదమ్మా. అడుగు."

నేను అడిగాను. ఆ తర్వాతి వాయిదాకి అత్తమ్మ చేత నువ్వుల లడ్డూలు కట్టించుకుపోయి, అదే పెరట్లో, అదే రాయి మీద కూర్చుని అడిగాను. ఆమె చుట్టూ చూసి, నా చెవిలో చెప్పింది. ఆ పేరు బయటికి అని ఎన్నేళ్లయిందో గానీ, అన్నాక ఆమె ముఖంలో కనిపించినంత తేట నేను మళ్లీ ఎవరి ముఖంలోనూ చూడలేదు.

ఆమెను విచారించిన రోజు నేను మామ వెనక కుర్చీలో కూర్చుని నోటుపుస్తకం విప్పుకున్నాను. మళ్లీ మనువాడావా అంటే లేదంది. అన్న ఇంట్లో కాక మరెక్కడైనా ఉన్నావా అంటే లేదంది. పిల్లలా అంటే తల అడ్డంగా ఊపింది. ఆమె వకీలు హాయిగా వెనక్కి ఆనుకున్నాడు. మామ కాగితాలు మూసేసి, వెళ్లిపోబోయేవాడిలా సగం తిరిగి, ఇంటి మనిషిని పలకరించినంత మెల్లగా అడిగాడు:

"సోనాబాయికి ఏమైందమ్మా?"

"పాలు తాగలే," అందామె. "జరమచ్చింది. తొమ్మిదొద్దులే..."

అంతవరకు అని, తానేమన్నదో తన చెవికే అప్పుడు చేరినట్లుగా ఆగిపోయింది. మామ ఆపలేదు. అన్న పాట్ కట్టించాడు కదా అన్నాడు. ఏ ఏడాదో, కరువొచ్చిన ఏడాదికి ముందా వెనకా అన్నాడు. ఆమె అన్నిటికీ అవునంది. ఇక దాచుకోవడానికి ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు. మున్సిఫు జడ్జి గారు ఒక్కో జవాబే ఇంగ్లీషులోకి మార్చి రాయించారు. కోర్టు కాగితాల్లో ఏడుపు రాయరు. నేనూ నా పుస్తకంలో రాయలేదు. ప్రశ్న, జవాబు, అంతే రాసుకున్నాను. ఒక్క అబద్ధం కూడా లేదు ఆ పేజీలో.

బయటికి రాగానే వాన. ఆమె ఒక్కతే గొంగడి కప్పుకుని వెనక గేటు వైపు నడిచింది. నేను వరండా మెట్టు మీద తడుస్తూ నిలబడ్డాను, దిగలేక, లోపలికి పోలేక. తిరిగి వస్తూ నా ముందు ఆగింది. తిట్టిపోస్తుందని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"నీకు చెప్పిన బిడ్డా," అంది. "కచేరికి చెప్పలే."

అంతే. బండ్లున్న వైపు వెళ్లిపోయింది.

తీర్పు వచ్చేసరికి నేను హైదరాబాదులో ఉన్నాను. మామ గెలిచాడు. తన పెట్టెలోని నల్లకోటు ఒకటి నా కొలతకు సరిచేయించి పంపుతూ, నీ చెవి మంచి చెవి, వృత్తిలో పైకి వస్తావని బాపుకు ఉత్తరం రాశాడు. బాపు ఆ ఉత్తరాన్ని బళ్లో తోటి పంతుళ్లందరికీ చదివి వినిపించాడు. ఆ చలికాలం ఇంట్లో జరిగిన పెళ్లికి మామ వచ్చినప్పుడు, ఆమె ఏమైందని అడిగాను. విస్తట్లో పప్పు కలుపుకుంటూ, మా కక్షిదారుడు మంచోడమ్మా, పత్తి ఏరనీకి గా చేనుకే కూలికి రానిచ్చిండు అన్నాడు. పక్కన కూర్చున్నవాళ్లు ఆయన మంచితనాన్ని మెచ్చుకున్నారు. నేను వడ్డించి ముందుకు పోయాను.

అదే కోటుతో కరీంనగర్‌లో వకాలతు మొదలుపెట్టి నలభై ఏళ్లు చేశాను. మామ రాసినట్లే పైకి వచ్చాను. నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకు, ఎదుటి పక్షంవారితో నీళ్లు కూడా పంచుకోవద్దని మొదటి రోజే చెప్పేదాన్ని. వృత్తి నియమమనుకుని తలూపేవారు. ఎవరూ ఎందుకని అడగలేదు, నేనూ చెప్పలేదు.

కాలం మారింది. మేము కంఠతా పట్టిన ఆ పాత చట్టం ఇప్పుడు పిల్లలు చదవను కూడా చదవరు. ఏ కోర్టుకు పోయినా నల్లకోట్ల ఆడపిల్లలు గుంపులుగా కనిపిస్తారు, వాళ్లకు వేరే గదులున్నాయి, తలుపులకు గొళ్లేలున్నాయి. వానలో పరాయిదాని గొంగడి కింద నడవవలసిన గతి ఎవరికీ లేదు. అలాగే ఉండాలి. కానీ ఆ బురద దారిలో, ఎవరి మనిషినో తెలిసి కూడా, ఒక ఆడది నన్ను నమ్మినంతగా ఈ నలభై ఏళ్లలో నా సొంత కక్షిదారు ఒక్కరూ నమ్మలేదు. వాళ్లందరూ ఆలోచించి, ఆచితూచి మాట్లాడేవారు. నాతో అలాగే మాట్లాడాలని వాళ్లకు ఎవరు చెప్పారో నాకు తెలియదు.