పెత్రమాస నాడు అమ్మకు వేసిన విస్తరి

దైవం ప్రకృతి, దయ్యం వికృతి అని బోధన్‌లోని బాలికల ఉన్నత పాఠశాలలో ఉద్యోగ విరమణ చేసేవరకూ పిల్లలకు చెప్పాను. ఆ మాటతో నా సంబంధం అంతవరకే. పాత కావ్యాల యుద్ధవర్ణనల్లో భూతప్రేతాలు కపాలాలతో నెత్తురు తాగే పద్యాలు వచ్చినప్పుడు ఆడపిల్లలు జడుసుకునేవారు. నేను వారిచేత సమాసాలు విడదీయించేదాన్ని. విగ్రహవాక్యం రాసిన తరువాత ఏ పిశాచానికీ ఎవరూ భయపడరు.

ఇప్పుడు చెప్పబోయేది చదివి, వయసు మీదపడిన పంతులమ్మకు కొత్త నమ్మకాలు కుదిరాయని ఎవరైనా అనుకుంటే అది వారి ఇష్టం. నేను నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం జరిగింది.

ముందు నా శరీరం సంగతి. నేను లావుగా ఉండేదాన్ని. నిండైన మనిషి, పుష్టిగల మనిషి అనే మర్యాద మాటలు నాకు అక్కరలేదు. బోధన్ బస్టాండులో ఆటోవాళ్లు నన్ను చూడగానే వెనుక సీటంతా ఖాళీ చేయించేవారు. మోకాళ్లు అరిగిపోయాయి. చక్కెర వ్యాధి మందులకు లొంగడం మానింది. వెల్లకిల పడుకుంటే ఊపిరి ఆగి మెలకువ వచ్చేది. ఈ బరువును గుండె ఇక ఎంతోకాలం మోయలేదని నిజామాబాదు వైద్యుడు మొహమాటం లేకుండా చెప్పాడు. కడుపును కోసి చిన్నది చేసే శస్త్రచికిత్స ఒక్కటే దారి అన్నాడు.

మా అమ్మ కూడా ఇదే శరీరంతో, ఇదే వ్యాధితో పోయింది. చివరికి ఒక కాలు తీసివేశారు. ఆసుపత్రి మంచం మీద కూడా కొత్త బెల్లం అడిగిన మనిషి ఆమె. కోటగిరి దగ్గర మాది తరతరాలుగా చెరుకు పండించే ఇల్లు. తీపి లేని పూట ఆమెకు పూటగా తోచేది కాదు. చాలు అన్న మాట ఆమె చెవికి ఎక్కేది కాదు. ఎవరైనా విస్తరి మడవబోతే ఆ చేయి పట్టుకుని ఆపి, మరొక భక్ష్యం వేసి, దాని మీద నెయ్యి పోసేది. నన్ను అంతదాన్ని చేసింది ప్రేమే. ప్రేమ చేసిందని ఊరుకోవడానికి నేను సిద్ధంగా లేను.

నిర్ణయం చెప్పగానే మా తమ్ముడు సాయిలు పరుగున వచ్చాడు.

“కడుపు కోయించుకునుడేంది అక్కా, గీ వయసుల? జర తక్కువ తిను, సాలు.”

“నా బతుకంతల తక్కువ తినుమని నువ్వొక్కసారన్న చెప్పినవారా? వచ్చినప్పుడల్లా నీ పెండ్లాం రెండు భక్షాలు ఎక్కువేసింది గాని.”

ఊళ్లో మిగిలినవారిని కూడా అలాగే ఊరుకోబెట్టాను. ఈ వయసులో అందం కోసమా అని ఒకరు, భగవంతుడిచ్చిన శరీరాన్ని కోయరాదని మరొకరు. భగవంతుడిచ్చిన పంటిని పీకించుకున్నప్పుడు ఈ మాట గుర్తు రాలేదా అని అడిగాను.

నాకు తోడు నిలిచింది రజియా ఆపా, అంటే రజియా అక్క. అదే పాఠశాలలో ఉర్దూ చెప్పిన మనిషి, మా పక్కింటి ఆవిడ. నా భర్త పోయిన తరువాత నాకు పగలు పలకరింపు, రాత్రి ఆపదొస్తే తలుపు తట్టగలనన్న ధైర్యం ఆవిడే. శస్త్రచికిత్సకు ముందు కాలేయం చిన్నది కావాలని నన్ను కేవలం ద్రవాల మీద ఉంచారు. ఆ రోజుల్లో ఆపా తమ ఇంట్లో తాలింపు పెట్టడం కూడా మానేసింది. వాసన గోడ దాటుతుందని ఆవిడ భయం.

నిజామాబాదు ఖలీల్‌వాడీలోని ఒక ఆసుపత్రిలో శస్త్రచికిత్స సవ్యంగా జరిగింది. మా తమ్ముడు చూడటానికి వస్తూ స్టీలు క్యానులో చెరుకు రసం తెచ్చాడు. సొంత పొలంలో గడలు నరికి, బండివాని దగ్గర ఆడించి, అల్లం నిమ్మకాయ కూడా పిండించాడట.

“డాక్టర్ పల్సటియే తాగాలన్నడు గద అక్కా. గిది పల్సటిదే.”

వాని ముఖం చూసి కాదనలేక రెండు గుక్కలు మింగాను. కాసేపటికి ఒళ్లంతా చెమటలు, గుండె దడ, కళ్లు తిరగడం. కోసిన కడుపు తీపిని ఒక్కసారిగా కిందికి వదిలివేస్తే అలా అవుతుందట. నర్సు వచ్చి వాణ్ణి చెడామడా తిట్టింది. అది చాలదన్నట్లు ఆపా అందుకుంది.

“సాయిలు భాయ్, షుగర్ పేషెంటుకు షుగర్ ఫ్యాక్టరీనే మోసుకొచ్చినవ్ గదా!”

వాడు క్యాను మూత పెట్టుకుని తలదించుకుని వెళ్లాడు. మావాళ్ల అమాయకత్వం అటువంటిది. చెడు చేయాలని ఎవరికీ లేదు. పెట్టడం తప్ప మరొక విధంగా ప్రేమించడం ఎవరికీ రాదు.

నేను ఇంకా ద్రవాల మీదనే ఉండగా పెత్రమాస వచ్చింది. పోయిన పెద్దలకు అన్నం పెట్టే అమావాస్య. మా ఇంట్లో ఆ రోజు దేవునర్రలో, అంటే దేవుని గదిలో, పీట వేసి, దాని ముందు మోదుగాకుల విస్తరి పరచి, అమ్మకు ఇష్టమైనవన్నీ వడ్డించి, దీపం పెట్టి, తలుపు మూసి బయట గొళ్లెం పెడతారు. పెద్దలు వచ్చి నెమ్మదిగా తిని పోవాలని. కొంతసేపటికి తలుపు తీస్తారు. పెద్దకూతురు ఆ విస్తరిలోనుంచి మొదటి బుక్క తినాలి. అప్పుడే అమ్మకు అందినట్లు లెక్క. తరువాతే ఇంటిల్లిపాదీ భోజనం. అమ్మ పోయినప్పటినుండి ఏటా ఆ మొదటి బుక్క నాదే.

బయలుదేరే ముందు సర్జనుకు ఫోను చేశాను. కుట్లు పచ్చిగా ఉన్నాయి, గట్టిపదార్థం ఒక ముద్దైనా లోపలికి పోరాదు, పోతే కుట్టు తెగి ప్రాణం మీదికి వస్తుంది అన్నాడు. ఆ మాటనే మూటగట్టుకుని, ఆపాను వెంటబెట్టుకుని కారులో కోటగిరి వెళ్లాను.

దేవునర్రలో విస్తరి వడ్డించి ఉంది. అన్నం, పప్పు, గుమ్మడికాయ కూర, గారెలు, భక్ష్యాలు. అందరూ నాకేసి చూశారు. నేను ఈసారి తినలేనని చెప్పాను.

“ఒక్క బుక్క,” అన్నది పోశవ్వ చిన్నమ్మ. ఆమె మా అమ్మకు చెల్లెలు. “ఒక్క బుక్కకు సచ్చినోళ్లను సూసినవా బిడ్డా?”

“సూడలే చిన్నమ్మా. మొదటిదాన్ని నేను కావొద్దనే.”

మా మరదలు గంగామణి మధ్యేమార్గం వెదికింది. “వదినా, నోట్ల వెట్టుకొని నమిలి, అవతల ఉమ్మేయరాదు?”

“అవ్వకు వెట్టింది ఉమ్మేస్తరే? నీకు మతి గిట్ల పోయిందా?” అని చిన్నమ్మ ఆమె మీద పడింది.

మా వైపు తల్లిని అవ్వ అంటారు. ఆమెను అడ్డం పెట్టుకోవడంతో నాకు కోపం వచ్చింది. పటంలోని మా అమ్మ ముఖానికేసి తిరిగి, అందరికీ వినబడేలా అన్నాను.

“అవ్వకు నా మీద కోపమొస్తే అవ్వనే వచ్చి చెప్పుమనుండ్రి. మీరెవ్వలు చెప్పొద్దు.”

సాయిలు తలుపు దగ్గరకు లాగి గొళ్లెం పెట్టాడు. మేము పెరట్లోకి వెళ్లాం. మోకాళ్ల నొప్పుల వల్ల ఆపా మాత్రం రాలేదు. దేవునర్ర తలుపుకే కుర్చీ ఆనించుకుని కూర్చుంది. ఆ గదికి మరొక తలుపు లేదు, కిటికీ లేదు. పైన పిడికెడు గవాక్షం, దానికి ఇనుప జాలి. పట్టపగలు.

పెరట్లో సాయిలు నా పక్కన కూర్చున్నాడు. కండువాతో కళ్లు తుడుచుకుంటూ అన్నాడు.

“అవ్వ కాలు దీసేటప్పుడు సంతకం పెట్టింది నేను. నా కాలు ఏదిరా అని అడిగింది అక్కా. ఏం జెప్పాలె? గీ ఒక్కదినమన్న ఆమెను ఉపాసం పంపకు. నీ కాల్మొక్త.”

వాదించేవారితో నేను వాదించగలను. ఏడ్చేవాని ముందు నా శాస్త్రమంతా చేతకానిదైపోయింది. అరవయ్యేళ్ల వయసు దగ్గరపడిన మగవాడు పసివాడిలా వెక్కుతున్నాడు. సర్జను మాట చెవిలో ఉంది. అయినా లేచాను. సరే, ఒక్క బుక్క తింటానన్నాను. నీళ్ల గాబు దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కున్నాను. నేను చేస్తున్నది ఏమిటో నాకు తెలుసు. తెలిసే వెళ్లాను.

ఆపా కుర్చీ పక్కకు జరుపుకుంది. సాయిలు గొళ్లెం తీశాడు. అందరికంటే ముందు లోపలికి అడుగుపెట్టింది నేనే.

విస్తరి మడిచి ఉంది.

అవతలి అంచు ఇవతలికి, పీట మీద కూర్చున్నవారు భోజనం ముగించి మడిచినట్లు, సగానికి, సరిగ్గా. దీపం నిలకడగా వెలుగుతోంది. నేల మీద ఒక్క మెతుకు లేదు. పీట కదలలేదు.

మా దగ్గర మడిచిన విస్తరి అంటే భోజనం ముగిసినట్లే. దాన్ని మళ్లీ తెరవడం, అందులోది తినడం ఎంత పేదింటిలోనూ ఎవరూ చేయరు. పెద్దలకు పెట్టిన విస్తరిని అసలు మడవరు. తెరిచే ఉంచుతారు, బతికున్నవారు పంచుకోవాలి కనుక. తెలిసినవారెవరూ దాన్ని మడవరు. తెలియనివారు అక్కడ లేరు, ఒక్క ఆపా తప్ప.

గంగామణి చూపు అటే పోయింది. “ఆపా, మీరేమన్న లోపటికి...”

“నేనా?” అన్నది ఆపా. “కుర్చీలకెళ్లి లేస్తే నా మోకాళ్ల చప్పుడు మీ పెరటిదాంక వినబడ్తది. మీ అమ్మ ఖానా నేనెందుకు ముట్టుకుంట? అల్లా కసం, ఈగ గూడ లోపటికి పోలే.”

“ఆపాను ఏమనకు,” అని సాయిలు భార్యను గద్దించాడు. “గొళ్లెం నేను పెట్టినట్టే ఉన్నది.”

చిన్నమ్మ గడప మీద కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “మా అక్క ఇస్తారి మడిసింది. ఇగ ఎవ్వలు ముట్టొద్దు. పిల్లను తినుమనొద్దు,” అన్నది. అరవై దాటిన నన్ను పిల్ల అన్నది.

సాయిలు ఆ విస్తరిని రెండు చేతులతో ఎత్తి ఆవు ముందు విప్పాడు. నేను వెంటవెళ్లి కళ్లారా చూశాను. అన్నం అణిగి ఉంది. గారెలు, భక్ష్యాలు వడ్డించినవి వడ్డించినట్లే. ఏదీ తగ్గలేదు.

ఆ వారంలోనే నాకు జ్వరం, ఎడమ డొక్కలో పోటు. మళ్లీ ఖలీల్‌వాడీ. రంగునీళ్లు తాగించి ఎక్స్‌రే తీశారు. కుట్ల వరుసలో ఒకచోట వెంట్రుకవాసి చీలిక కనబడింది. గట్టిపదార్థం ఏమైనా తిన్నారా అని సర్జను నన్ను గుచ్చి గుచ్చి అడిగాడు. లేదన్నాను. తిని ఉంటే ఈ ప్రశ్న మిమ్మల్ని కాక మీవాళ్లను అడగవలసి వచ్చేదన్నాడు. గొట్టంతో ఆహారం పెట్టి, కొంతకాలం పడుకోబెడితే అది మానింది.

అప్పటినుండి ఈ సంగతి తెలిసిన ప్రతివాడూ నాకొక సమాధానం చెబుతున్నాడు. ఎలుక అన్నాడు ఒకడు. ఎలుక తింటుంది, మడవదు. దీపం వేడికి ఆకు ముడుచుకుందన్నాడు ఇంకొకడు. బోధన్‌లో మా ఇంట్లో నేనూ ఆపా అదే విధంగా విస్తరి వేసి, అంతే వడ్డించి, దీపం పెట్టి, తలుపు మూసి చూశాం. అంచులు కాస్త లేచాయి, అంతే. ఆ అన్నం బరువుకు ఆకు తనంతట తాను మడతపడదు. “పంతులమ్మా, సైన్సు అయిపోయిందా? ఇగ నేను తినాల్నా?” అని ఆపా ఆ గారెల పని పట్టింది. మందుల మత్తులో నేను భ్రమపడ్డానని మూడోవాడు. మరి సాయిలు, గంగామణి, చిన్నమ్మ, ఆపా ఏ మత్తులో ఉన్నారో అతడే చెప్పాలి.

రెండోవైపువారు ఇంకా విసిగించారు. అమ్మ ఆత్మకు శాంతి చేయించమని, తాయెత్తు కట్టించుకోమని. నేను చేయించలేదు, కట్టించుకోలేదు. చాలు అన్న మాట వినని మా అమ్మ వచ్చి విస్తరి మడిచిందంటే, అది ఆమె స్వభావాన్ని ఎరిగిన నాకు దయ్యంకంటే నమ్మశక్యం కాని మాట.

ఇప్పుడు నేను ఇంటినుండి కూరగాయల మార్కెటుకు నడిచిపోతాను. పాపం చిక్కిపోయిన్రు అనేవారికి, చిక్కలేదు, దక్కాను అని బదులిస్తాను. మరుసటి పెత్రమాసకు గొళ్లెం తీసినప్పుడు విస్తరి తెరిచే ఉంది. మొదటి బుక్క తిన్నాను. ఎవరూ రెండోది తినమనలేదు.

మా అవ్వే వచ్చిందని చిన్నమ్మ అంటుంది. నేను అనను. రాలేదని కూడా అనలేను. నాకు తెలిసింది ఇంతే. ఆ రోజు తినడానికి ఒప్పుకుని, చేతులు కడుక్కుని, ఆ గదిలోకి వెళ్లాను. తినకుండా బయటికి వచ్చాను. ఈ రెంటికీ నడుమ ఏం జరిగిందో నేను చెప్పలేను. చెప్పగలమనేవారిని నమ్మను.