బ్రేకమ్మ బండికి తెల్లపొగ

మా ఆవిడ చెల్లెలిని ఊరంతా బ్రేకమ్మ అంటుంది. ఆమె డ్రైవింగ్ బడి నడుపుతుంది. నేర్చుకునేవారి పక్కసీటులో కూర్చుని, తన వైపున్న రెండో బ్రేకును ఏళ్ళ తరబడి తొక్కీ తొక్కీ, ఆమె కుడికాలికి అదొక స్వభావమైపోయింది. కూరలో ఉప్పు ఎక్కువ పడుతోందని తోచినా, టీవీలో ఎవరైనా మెట్లమీద తూలినా, ఆ పాదం నేలను నొక్కుతుంది. పక్కవారి పాదం దారిలో ఉంటే వారి ఖర్మ.

బడి అన్నాను. గోడలూ బల్లలూ లేకపోయినా, నేర్పేవారూ నేర్చుకునేవారూ ఉన్న చోటు బడే అవుతుందని నా అభిప్రాయం. ఉద్యోగ విరమణ చేసిన పంతులికి అటువంటి చోటి గాలి తగలకపోతే ఊపిరాడదు. అందుకే ప్రతి ఉదయమూ ఆ కారు వెనకసీటులో నేనుంటాను.

"బావగారూ, మీరు వెనక కూర్చుని వాళ్ళ మాటలు దిద్దకండి. ముందు వాళ్ళ చేతులు నన్ను దిద్దనివ్వండి" అంటుంది మరదలు. నేను కిటికీలోంచి చూస్తూ మనసులోనే దిద్దుకుంటాను.

ఆమె చెప్పే మొదటి పాఠం బానెట్ ఎత్తడం. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఆయిలు చూడాలి, నీళ్ళ డబ్బా చూడాలి, గీతకు తగ్గితే నింపాలి. శిష్యులకు ఈ పాఠం ఎంతగా ఒంటబట్టిందంటే, ఆమె గేటు దాటి వచ్చేలోగానే ఎవరో ఒకరి తల బానెట్ కింద ఉంటుంది.

అటువంటి బండి ఒక చలికాలపు ఉదయం తెల్లపొగ వదలసాగింది. నిజానికది పొగ కాదు, ఆవిరి. ఆ రెండింటికీ భేదం చెప్పడానికి నేను నోరు తెరిచేలోగా మా వెనక వస్తున్న వ్యాను మాయమైంది. చలికి పొగగొట్టంలో చేరిన తేమ అనుకున్నాం. తేమే అయితే ఇంజను వేడెక్కేసరికి ఆరిపోవాలి. మా మేఘం మాత్రం మార్కెట్టు దాటి, వంతెన దాటి, మాతోపాటే మెకానిక్ షెడ్డుకు వచ్చింది.

షెడ్డు మా మరదలి మరిదిది. "తొందరేముంది" అన్నది అతని ఊతపదం, ఊరు పెట్టిన పేరు కూడా అదే. అతను గొట్టం దగ్గర వంగి, ఆవిరిని చేత్తో ముక్కువైపు తోసుకున్నాడు.

"తియ్యటి వాసన లేదు వదినా. కూలెంటు ఇంజనులోకి దిగితే పాకం కాగినట్టుంటుంది. డబ్బాలో నీళ్ళు తగ్గుతున్నాయా?"

"చుక్క తగ్గలేదు. ఎప్పుడు చూసినా నిండుగానే ఉంటోంది."

"అయితే గాస్కెట్ కాదు. డీజిలు సరిగ్గా కాలడం లేదేమో. దాన్ని చిమ్మే నాజిళ్ళు విప్పుదాం."

గాస్కెట్ అంటే ఇంజను పై ముక్కకూ కింది ముక్కకూ నడుమ నీళ్ళు కారకుండా వేసే పల్చటి రేకు. పై ముక్కను హెడ్ అంటారు. కూలెంటు అంటే ఇంజను వేడెక్కకుండా నీళ్ళ డబ్బాలో పోసే మందునీళ్ళు.

"నాకా హెడ్ గురించే భయం" అంది మరదలు నాతో, మెల్లగా. "అది పగిలిందంటే ఈ పాతబండికి ఇంకోటి దొరకదు బావగారూ. బడి మూసెయ్యడమే." ఆమె కుడికాలు షెడ్డు నేలను నొక్కే ఉంది.

ఈలోగా కబురు తెలిసి శిష్యులు వచ్చారు. బేకరీ ఆయన, నర్సమ్మ, దర్జీ. వదినా మరుదుల మాటలు విని బేకరీ ఆయన గొంతు సవరించుకున్నాడు.

"డబ్బా నిండుగా ఎందుకుండదండీ? పొద్దున్నే నేను నింపుతున్నాగా."

"మీరు నింపితే నా వంతుకి ఎందుకు తగ్గుతుంది? మధ్యాహ్నం నింపేది నేను" అంది నర్సమ్మ.

"సాయంత్రానికీ తగ్గే ఉంటుంది" అన్నాడు దర్జీ తల దించుకుని. "మీ ఇద్దరికీ పాఠం రాలేదేమో అనుకున్నా. చెబితే చాడీ అవుతుందని ఊరుకున్నా."

తొందరేముంది స్పానరు కింద పెట్టాడు.

"తియ్యటి వాసన ఇంకెక్కడిది వదినా? కూలెంటు ఎప్పుడో ఆవిరైపోయింది. వీళ్ళు మూడు పూటలా కుళాయి నీళ్ళు పోస్తున్నారు. నువ్వు నడిపేది కారు కాదు, పూలకుండీ."

మొదట నవ్వింది బ్రేకమ్మే. "వాళ్ళనేం అనకు. తగ్గితే నింపమన్నా, నింపారు. తగ్గిందని చెప్పమని నేనెప్పుడన్నాను?"

హెడ్ విప్పితే గాస్కెట్ ఒక మూల కాలి తెగిపోయి ఉంది. అంతవరకే అయితే కొత్తది వేస్తే సరిపోతుంది. హెడ్‌లో వెంట్రుకవాసి పగులున్నా బండి మూలకే. హెడ్‌ను పరీక్షకు లేతు షాపుకు పంపారు.

"ఫోను చేస్తారు. తొందరేముంది."

కూర్చుని దిగులుపడడం మరదలికి చేతకాదు. స్టూళ్ళను కారులో సీట్లలా వేయించి, బేకరీ ఆయన చేతికి స్టీరింగుగా ఒక పాత చక్రం మూత ఇచ్చింది.

"కుడికి తిప్పండి. అద్దం చూశారా?"

"అద్దం లేదండీ."

"వెనక మా బావగారున్నారు. ఏమొస్తోందో ఆయన చెబుతారు."

"లారీ" అన్నాను. అంత నిస్సంకోచంగా నేను అబద్ధమాడిన గుర్తు లేదు. దర్జీ వెంటనే లారీ అయి హారను మోగించాడు. నర్సమ్మ రోడ్డు దాటే ముసలమ్మై నడుము వంచింది. లారీకీ ముసలమ్మకూ నడుమ మేమున్న సమయంలో ఫోను మోగింది.

మరదలి పాదం నేలను గట్టిగా తొక్కింది. బేకరీ ఆయన నిజంగానే బండి ఆపేశాడు. లారీ కూడా ఆగింది.

"పగులు లేదట" అన్నాడు తొందరేముంది. "కొంచెం వంగిందట, సాపు చేసి ఇస్తారట."

పాదం మెల్లగా లేచింది. "ముసలమ్మ దాటింది" అంది మరదలు. "పోనివ్వండి."

అన్నీ బిగించి, కొత్త కూలెంటు పోసి, బండి స్టార్టు చేసేసరికి మళ్ళీ అదే తెల్లమేఘం. ఈసారి ఆ పాదం కింద నా పాదం ఉంది.

"గొట్టంలో మిగిలిన నీళ్ళు వదినా. కాసేపు కాగనివ్వు, తొందరేముంది."

మేఘం పలచబడింది. ఎదురు దుకాణం బోర్డు మీది అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి. వాటితోపాటు అందులోని తప్పు కూడా తేలింది. రోజూ నన్ను బాధించే ఆ తప్పు అంత అందంగా ఎన్నడూ కనిపించలేదు. ఆమె నా పాదం వదిలింది.

మర్నాడు బేకరీ ఆయన చెంబుతో వచ్చి, బానెట్ ఎత్తి, డబ్బా చూసి దిగాలుగా నిలబడ్డాడు.

"తగ్గలేదండీ" అన్నాడు.

"చెప్పారుగా. ఇవాళ్టి పాఠం అదే" అంది బ్రేకమ్మ. "చెంబు బావగారికిచ్చి, ఎక్కండి."