ఖాజా చాచా తల వంచలేదు

మొన్న ఆదివారం మల్టీప్లెక్సులో తలుపు దగ్గర నిలబడ్డ అమ్మాయి నా చేతిలో త్రీడీ కళ్ళద్దాలు పెట్టింది. అప్పుడే తుడిచినట్టున్నారు, ఇంకా తడిగా ఉన్నాయి. పెట్టుకోగానే ముక్కుకు చల్లగా తగిలాయి. సూది వేసే ముందు చేతికి రాసే స్పిరిటు వాసన వచ్చింది. పక్కన మా అమ్మాయి పాప్‌కార్న్ డబ్బా పొట్టకు ఆనించుకుని "తొందరగా రామ్మా" అని లాగుతోంది. నేను మాత్రం తలుపు దగ్గరే ఆగి, అద్దాలు తీసి కొంగుతో మళ్ళీ తుడిచాను. పన్నెండేళ్ళుగా త్రీడీ అంటే తలనొప్పి అనీ, టికెట్టు దండగ అనీ ఏదో ఒక వంక చెప్పి తప్పించుకు తిరిగాను. ఈసారి పిల్ల పుట్టినరోజు కావడంతో వంకలు చెల్లలేదు.

ఖాజా చాచా గురించి చెప్పాలంటే నాకు సినిమాతోనే మొదలవుతుంది. డిప్లొమా చేతబట్టుకుని నేను లాలాగూడ వైపు ఒక ఇనుప షెడ్డులో ట్రైనీ సూపర్‌వైజరుగా చేరేనాటికి ఆయన అక్కడ క్రేన్ నడుపుతున్నాడు. పైకప్పు కింద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పట్టాల మీద నడిచే పెద్ద క్రేన్ అది. దానికి వేలాడే చిన్న గదిలో కూర్చుని, టన్నుల బరువున్న ఇనుప దూలాలను లేపి తెచ్చి, కింద మనుషుల మధ్య దించేవాడు. కాగితం మీద నేను ఆయనకు పైదాన్ని, పని మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. షెడ్డంతటికీ నేనొక్కదాన్నే ఆడపిల్లను. మిగతావాళ్ళు నన్ను చూస్తే మాటలు ఆపి పక్కకు జరిగేవాళ్ళు. ఆయన మొదటి రోజే నిచ్చెన దిగి వచ్చి, "ఏం బేటా, సినిమాలు చూస్తవా?" అని అడిగాడు.

సోమవారం పదిన్నర చాయ్ దగ్గర ఆ షెడ్డులో ఒక దర్బారు జరిగేది. ఆదివారం ఎవరు ఏ సినిమా చూశారో చెప్పాలి. బాగుంది, బాగాలేదు అంటే చాచా ఒప్పుకునేవాడు కాదు. తెలివైనదాన్ని అనిపించుకోవాలని మొదటి సోమవారం నేను ఫోన్లో చదివిన సమీక్షను అప్పజెప్పాను. స్క్రీన్‌ప్లే కాస్త నెమ్మదించింది, రెండో సగంలో బిగువు లేదు అని ఏవేవో అన్నాను. ఆయన చాయ్ ఊదుకుంటూ అంతా విని, "హీరోయిన్ తల్లి ఏం పని చేస్తది ఆ సినిమాల?" అన్నాడు. నాకు గుర్తు రాలేదు. "మరి ఏం చూసినవ్ బేటా? పేపరోళ్ళు చూసింది, పక్కింటోళ్ళు చూసింది మాకెందుకు? నువ్వు చూసింది చెప్పు." అందరూ పగలబడి నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఆ తల్లి టైలరింగ్ షాపులో కాజాలు కుడుతుందని తెలుసుకోవడానికి మళ్ళీ డబ్బులు పెట్టి అదే సినిమా చూసి వచ్చాను. కళ్ళు పెట్టి చూడడం అనే పని నాకు ఆ వారంలోనే అలవాటైంది.

ఆయన కొలత వేరు. థియేటరుకు వెళ్ళేటప్పుడు ఒక పల్లీల పొట్లం కొనేవాడు. సినిమా అయ్యేసరికి పొట్లంలో పల్లీలు మిగిలితే మంచి సినిమా, చెయ్యి నోటి దాకా పోవడం మరిచిందన్నమాట. ఇంటర్వెల్ కన్నా ముందే ఖాళీ అయితే ఇక దాని గురించి మాట్లాడడమే ఉండదు. దూలాలకు గొలుసు కట్టే నర్సిమ్లు సినిమాలన్నీ ఫోన్లోనే చూసేవాడు. "పైసలు మిగుల్తయ్ చాచా, బాత్రూమ్ వస్తే ఆపుకోవచ్చు సుత" అనేవాడు. "ఫోన్ల సినిమా చూసుడంటే తలుపు సందులకెళ్ళి పెండ్లి చూసినట్టుర. పెద్ద తెర ముంగట కూసుంటే మనిషి చిన్నగైతడు. వారానికి ఒక్కసారన్న గట్ల చిన్నగ కావాలె" అని చాచా విరుచుకుపడేవాడు. ఏ థియేటరులోనైనా ఆయనకు కుడివైపు చిట్టచివరి సీటే కావాలి. దొరకకపోతే టికెట్టు వద్దని వెనక్కి వచ్చేసేవాడు. ముసలాయన చాదస్తం అనుకునేవాళ్ళం.

చేరిన ఆరో నెలలో నన్ను క్రేన్ గదిలోకి ఎక్కించాడు. అంత ఎత్తు నుంచి చూస్తే దూలం నేలకు ఎంత దూరంలో ఉందో నాకు అంతుపట్టలేదు. "సరుకును చూడకు బేటా, సరుకు మోసం చేస్తది. నీడను చూడు" అన్నాడు. ఎడమ గోడకు ఏటవాలుగా ఒక పెద్ద లైటు బిగించి ఉంది, ఆయనే పట్టుబట్టి పెట్టించాడట. ఆ వెలుగులో దూలం కిందికి దిగేకొద్దీ దాని నీడ నేల మీద పాకుతూ దగ్గరకు వచ్చేది. "నీడ, సరుకు ఎక్కడ కలుస్తయో గదే నేల. గంతే. ఇగ తక్లీఫ్ లేదు." ఒకసారి ఆ లైటు మాడిపోతే రెండు గంటలు క్రేన్ కదపలేదు. మేనేజరు కింద నిలబడి అరిచినా, కొత్త బల్బు వచ్చే దాకా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎంత నిష్ఠ గల పనివాడు అని నేను మురిసిపోయాను. ఆ వానాకాలంలో ఒకరోజు కరెంటు తగ్గి లైటు మినుకుమినుకుమన్నప్పుడు, ఒక దూలం నర్సిమ్లు భుజానికి జానెడు దూరంలో దభీమని దిగింది. గొలుసు జారిందన్నాడు చాచా. అందరం గొలుసునే తిట్టాం.

ఆ ఏడు దసరాకు ఆయుధపూజ అయ్యాక, ఎప్పటిలాగే యజమాని షెడ్డు మొత్తాన్నీ మ్యాట్నీకి పంపించాడు. ఈసారి త్రీడీ సినిమా. మల్టీప్లెక్సులో బయటి తిండి రానివ్వరు గనక చాచా పల్లీలు చొక్కా జేబులో, దాని మీద రుమాలు కప్పి తెచ్చాడు. సగం సినిమాలో ఒక కొండ పగిలి, బండలు నేరుగా మా మొహాల మీదికి వచ్చాయి. హాలంతా కేకలు. నర్సిమ్లు "ఓరి నాయనో" అని సీట్లోంచి కిందికి జారాడు. నేను తల వంచి చేతులు అడ్డం పెట్టుకున్నాను. వేళ్ళ సందుల్లోంచి చూస్తే, వరుస చివర చాచా ఒక్కడే నిటారుగా కూర్చుని పల్లీలు నములుతున్నాడు.

బయటకొచ్చి ఇరానీ హోటల్లో కూర్చున్నాం. "ఏందీ, గీ అద్దాలు ఎందుకిచ్చిండ్రు? పెట్టుకున్నా మామూలు సినిమా లెక్కనే ఉంది. పైంగ తెర నల్లగైంది. అంతా మోసం" అన్నాడు చాచా. సినిమా మధ్యలో నర్సిమ్లు పెట్టుకున్న అద్దాలను ఆయన అడిగి తీసుకుని చూశాడట, వాటితోనూ తేడా లేదట. "బండలొచ్చినయ్ గద చాచా మీదికి!" అన్నాడు నర్సిమ్లు. "యాడికొచ్చినయ్ర? తెర మీదనే ఉండె" అన్నాడాయన. అందరం కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాం. ఆయన కూడా నవ్వాడు గానీ, ఏదో లెక్క తప్పినవాడిలా మా మొహాలు ఒక్కొక్కటే చూశాడు. ఆ చూపు నాకు బాగా గుర్తుంది. దాని అర్థం మాత్రం అప్పుడు తెలియలేదు.

మర్నాడు మేనేజరు గదిలోకి కాగితాలు తీసుకెళ్ళాను. సినిమా ఎలా ఉందని అడిగాడు. చాచా నేర్పిన పద్ధతిలో, చూసింది చూసినట్టు చెప్పాను. గొప్పగానే చెప్పాను. హాలంతా బెదిరిపోయినా మా ఖాజా చాచా తల వంచలేదు సార్, బండరాయి మీదికొస్తుంటే పల్లీలు తింటున్నాడు, అద్దాలు మార్చుకున్నా తేడా లేదన్నాడు అని చేతులు తిప్పుతూ అభినయించాను. మేనేజరు నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. "రెండు జతలతోనూ తేడా లేదన్నాడా?" "లేదన్నాడు సార్" అన్నాను, ఇంకా నవ్వుతూనే. రెండు కళ్ళూ పనిచేస్తేనే త్రీడీ కనిపిస్తుందని ఆయనకు తెలుసు. డిప్లొమా చదివిన నాకు ఆ ఆలోచనే రాలేదు. సాయంత్రానికి నోటీసు అంటించారు. శనివారం అందరికీ కంటి పరీక్ష, ఏటా జరిగినట్టు దవాఖానలో కాదు, కొత్త డాక్టరు తన యంత్రంతో షెడ్డుకే వస్తాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం, అందరూ తిండికి పోయాక చాచా నా బల్ల దగ్గరికి వచ్చాడు. "మేనేజరుకు ఏం చెప్పినవ్ బేటా?" చెప్పాను. బోర్లించిన డ్రమ్ము మీద కూర్చున్నాడు. "కుడి కన్ను పోయి ఆరేండ్లాయె. మెల్లమెల్లగ మబ్బు కమ్మినట్టు కమ్మింది" అన్నాడు. ఏటేటా పరీక్ష ఎలా దాటావని అడిగాను. "గా దవాఖానల ఒకటే బోర్డు. నాకు ఇంగ్లీషు రాదు గని గా అక్షరాలు ఎక్కాల లెక్క నోటికొస్తయ్." గోడ లైటు, నీడ, థియేటరులో చివరి సీటు, వానాకాలంలో నర్సిమ్లు భుజం పక్కన దిగిన దూలం అన్నీ ఒక్కసారిగా నాకు అర్థమయ్యాయి. పనితనం అని నేను మురిసిపోయింది ఆయన గుడ్డితనాన్ని దాచుకునే ఉపాయం.

"రిటైరయ్యేటందుకు మూడేండ్లున్నయ్. మీ చాచీకి వారానికి రెండుసార్లు డయాలసిస్. కంపెనీ వైద్యం కార్డు మీదనే నడుస్తది. నేను క్రేన్ దిగితే కార్డు పోతది, కార్డు పోతే ఆమె పోతది. జెర నువ్వు పోయి, తమాషాకు కల్పించి చెప్పిన సార్, పరీక్ష పాత దవాఖానలనే పెట్టుండ్రి అను. నువ్వంటే నమ్ముతడు." అంతవరకు ఆయన నన్ను ఏమీ అడిగి ఎరగడు. "సరే చాచా" అన్నాను. అలా అన్నాననే మాటను ఎన్నిసార్లు తలుచుకున్నా మార్చలేను.

నిజంగానే వెళ్ళాను. మేనేజరు గది తలుపు మీద చెయ్యి కూడా వేశాను. పక్కన అద్దంలోంచి షెడ్డు కనిపిస్తోంది. తిండి ముగిసి పని షురూ అయింది. చాచా పైన ఉన్నాడు, దూలం దిగుతోంది, దాని కింద నర్సిమ్లు చెయ్యెత్తి సైగ చేస్తున్నాడు. గోడ లైటు వెలుగుతోంది. నీడా దూలమూ కలిశాయి. పూలబుట్ట దించినంత మెత్తగా దించాడు ఆయన. అంత పనివాడికి అన్యాయం చేస్తున్నానని నాకు తెలుసు. ఆ లైటు మళ్ళీ ఒకసారి మినుకుమంటే ఏమవుతుందో కూడా తెలుసు. తలుపు మీద నుంచి చెయ్యి తీసేసి నా బల్ల దగ్గరికి వచ్చేశాను. సాయంత్రం వెళ్ళిపోతూ ఆయన నా వైపు చూశాడు. నేను కాగితాల్లోకి తల వంచుకున్నాను.

శనివారం పరీక్ష గదిలోంచి అందరికన్నా చివర బయటికి వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా నిచ్చెనెక్కి, నమాజు టోపీ, చేతులు తుడుచుకునే గుడ్డ, పల్లీల డబ్బా తెచ్చుకున్నాడు. క్రేన్ తాళంచెవి నా బల్ల మీద పెట్టి, "గోడ మీది లైటు మాత్రం ఆర్పనియ్యకు" అన్నాడు. కాంట్రాక్టరు కింద గేటు దగ్గర కూర్చునే పని ఇచ్చారు. జీతం సగం, కార్డు లేదు. చాచీ ప్రభుత్వాసుపత్రి వరుసలో నిలబడింది. వారానికి రెండుసార్లు జరగాల్సింది ఒకసారైంది, ఒక్కోవారం అదీ లేదు. ఆ ఎండాకాలం దాటలేదు ఆవిడ. సోమవారం చాయ్ దగ్గర సినిమా మాట ఎత్తినవాడు లేడు.

చాచీ పోయి నలభై రోజులు గడిచాక చిలకలగూడలోని మా ఇంటి నుంచి బోయిగూడకు నడుచుకుంటూ వెళ్ళాను. ఒక్కటే గది. మంచం మీద చాచీ దుప్పటి ఇంకా మడిచి ఉంది. ఆయనే చాయ్ పెట్టి తెచ్చి, అలవాటు చొప్పున "ఏం సినిమా చూసినవ్ బేటా?" అన్నాడు. ఏదీ చూడలేదన్నాను. గ్లాసు నా చేతికిచ్చి అడిగాడు, "ఆ దినం మేనేజరు తాన పోయినవా?"

అబద్ధం నాలుక చివర దాకా వచ్చింది. "తలుపు దాకా పోయిన చాచా. లోపటికి పోలే" అన్నాను.

పక్కింట్లో కుక్కరు కూత వేసింది. ఆయన తన గ్లాసు కింద పెట్టాడు. తిడతాడనుకున్నాను, తిట్టాలనీ కోరుకున్నాను. "నర్సిమ్లు మంచిగున్నడా?" అన్నాడు.

"ఉన్నడు."

"బిడ్డ పుట్టిందట గదా."

"అవును చాచా."

"చాయ్ తాగు, చల్లారుతది" అన్నాడు. అంతే. క్షమించాడో లేదో చెప్పలేదు, నేను అడగలేదు. రెండేళ్ళకు ఆయనా పోయాడు. అప్పటికి రెండో కన్ను కూడా మసకబారిందట, వాకిట్లో నీడను బట్టి పొద్దు చెప్పేవాడట. నువ్వు చేసింది సరైనదే అని నాకు చాలామంది చెప్పారు. సరైనదే. అయినా చాచీ బతికి రాలేదు.

మొన్న ఆదివారం తెర మీది నుంచి ఏదో మా మీదికి దూసుకొచ్చింది. మా అమ్మాయి కేక వేసి నా చెయ్యి పట్టుకుంది. నేను అద్దాల వెనక కుడి కన్ను మూసుకున్నాను. అంతా చదునైపోయి, గోడకు అంటించిన బొమ్మలా తెర మీదనే నిలిచిపోయింది. చివరి దాకా అలాగే చూశాను. ఇంటికొచ్చాక మా అమ్మాయి డబ్బా ఊపి చూపించి, "నువ్వు ఒక్క పాప్‌కార్న్ కూడా తినలేదమ్మా, అంత బాగుందా సినిమా?" అని అడిగింది.

ఇప్పుడు నేను వేరే చోట, ఇంతకన్నా పెద్ద షెడ్డులో భద్రత చూసే ఆఫీసర్ని. కంటి పరీక్ష బోర్డు ఏటేటా మార్పిస్తాను. కన్ను మూసుకున్న చేతి వేళ్ళ మధ్య సందు ఉందేమోనని దగ్గరగా వెళ్ళి చూస్తాను. ఎవరైనా తప్పితే, పని నుంచి దించే కాగితం మీద సంతకం పెట్టే ముందు కూర్చోబెట్టి, ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరికైనా జబ్బు ఉందా అని అడుగుతాను. వాళ్ళు చెబుతారు. అంతా వింటాను. వాళ్ళకు కింద వేరే పని ఇప్పించేందుకు, కార్డు ఉంచేందుకు పైవాళ్ళతో కొట్లాడతాను, ఒక్కోసారి గెలుస్తాను. గెలిచినా గెలవకపోయినా, సంతకం మాత్రం పెడతాను.