సత్తెమ్మత్త పెళ్లికి అడ్డుపడిన రూల్

నిన్న పొద్దున ముంబైలో, నాగ్‌పాడాలో బస్ కోసం నిలబడి ఉంటే నాన్న ఫోన్ చేశాడు.

"మీ అత్త పోయింది బిడ్డా."

ఏ అత్త అని అడిగాను. తెలిసే అడిగాను.

ఆదివారమే పుంటికూర పచ్చడి పెట్టి పంపింది. ఆ డబ్బా ఇంకా కడగనేలేదు.

సత్తెమ్మత్త నాన్నకు చెల్లెలు. పెళ్లయిన కొన్నాళ్లకే ఆమె భర్త, ఆర్మీ జవాన్, బార్డర్‌లో చనిపోయాడు. అప్పటినుంచి కామాటిపురలో మా చాల్‌లోనే, వరసగా ఒంటిగదుల ఇళ్లున్న ఆ పాత బిల్డింగ్‌లోనే ఉంటూ అత్తగారినీ, చిన్న మరిదినీ చూసుకుంది. ఇల్లంతా ఆమె పెన్షన్ మీదే నడిచింది.

కింది అంతస్తులో నర్సింగ్ మామ కుర్చీలు అల్లేవాడు. ఇద్దరికీ ఇష్టమని చాల్ మొత్తానికీ తెలుసు. పెళ్లి చేసుకుందామన్నాడు.

కానీ ఒక పాత రూల్ ఉండేది. చనిపోయిన జవాన్ భార్య మళ్లీ పెళ్లి చేసుకుంటే పెన్షన్ ఆగిపోతుంది. భర్త తమ్ముడిని చేసుకుంటే మాత్రం ఆగదు.

పెన్షన్ ఆఫీసులో అది చెప్పిన క్లర్క్‌ను అత్త అడిగిందట: "వాని ముక్కు తుడిచి స్కూలుకు తోలింది నేనే సాహెబ్. వానితోని లగ్నం ఎట్ల జేసుకుంట?"

"రూల్ నేను రాయలేదు బాయీ" అన్నాడట.

ఇద్దరూ ఆగారు. అత్తగారు పోయింది. మరిది పెళ్లి చేసుకుని వేరు కాపురం పెట్టాడు. ప్లాస్టిక్ కుర్చీలొచ్చి మామకు పని తగ్గింది. పెన్షన్ వదులుకునే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది.

ఎన్నేళ్లకో, పాత రూల్స్ రివ్యూ చేస్తున్నామంటూ చనిపోయిన జవాన్ల భార్యలను మీటింగ్‌కు పిలిచారు. అత్తను నేనే తీసుకెళ్లాను. ఏసీ గదిలో కొంగు కప్పుకుని కూర్చుంది. తన వంతు రాగానే లేచింది.

"నా మొగడు దేశం కోసం పానం ఇచ్చిండు సాహెబ్. నన్ను తమ్మునికి ఇచ్చి పోలే."

హిందీలోనే అంది. టీ ఇచ్చి పంపించారు.

ఆ తర్వాత కూడా చాలాకాలం పట్టింది. చివరికి రూల్ తీసేశారని నేను చెప్పినప్పుడు అత్త నవ్వలేదు. మెట్లమీద కూలబడి, "గిప్పుడా?" అంది.

మామ కూడా అదే అన్నాడు. "నా మోకాళ్లు పోయినయ్. నీ జుట్టు తెల్లగైంది. గిప్పుడేం లగ్నం సత్తెమ్మా?"

"గిప్పుడే. ఇగ ఆగుడు నాతోని గాదు."

రిజిస్టర్ మ్యారేజ్ చేసుకున్నారు. సాక్షి సంతకం నాదే. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నది కొద్ది కాలమే.

నిన్న హాస్పిటల్‌లో బాడీ ఇచ్చే ముందు నర్స్ మామను అడిగింది, పేషెంట్‌కు మీరేమవుతారని.

"నా పెండ్లాం" అన్నాడు.

నర్స్ వెళ్లిపోయాక కూడా, ఎవరూ అడక్కుండానే, మరోసారి అన్నాడు.

వెళ్లిరా అత్తా. బాగా అలసిపోయావు. నీ మనసుకు శాంతి దొరకాలి.