పద్నాలుగో వేలిముద్ర

దయ్యాల ముచ్చట ఎవరైనా తీస్తే లేచి పొమ్మనే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. ఇది రాజురాలో, ఒక పెళ్లిలో, పట్టపగలు జరిగింది. రుజువుకు కాగితం నా దగ్గరే ఉంది.

చంద్రపూర్‌లో ముప్పై ఏళ్లుగా పెళ్లి ఫొటోలు తీస్తున్నాను. యాభై దాటాక మా కోడలి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. అంతకుముందు నాదీ వేలిముద్రే. రాయడం వచ్చినప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. గ్రూపు ఫొటోలో ఎవరెవరు ఉండాలో కాంట్రాక్టు కాగితం మీదే రాస్తాను. ఫొటోకు ముందు ఒక్కొక్కరితో పేరు పక్కన సంతకం పెట్టిస్తాను. తర్వాత "మా మామను వదిలేసినవ్" అని ఎవరూ కొట్లాటకు రావద్దు గదా.

ఆ పెళ్లికూతురికి తల్లి లేదు. మాజ్రిలో ఉండే మేనత్త పెంచింది. అందుకే పెళ్లికూతురు ఒక షరతు రాయించింది: మేనత్త లేకుండా గ్రూపు ఫొటో తీయకూడదు. ఒప్పుకుని సంతకం చేశాను.

అప్పగింతలకు ముందు పద్నాలుగు మందిని పిలిచి, తల వంచి కాగితం పట్టుకుని కూర్చున్నాను. పదమూడు సంతకాలు పడ్డాయి. చివరికి ఒక ఆడమనిషి చెయ్యి ముందుకొచ్చింది. బొటనవేలు చూపింది.

"సిగ్గెందుకమ్మా, నేను గూడ మొన్నటిదాంక వేలిముద్రోణ్ణే" అని సిరా పూసి, మేనత్త పేరు పక్కన ముద్ర వేయించాను. ముఖం చూడలేదు. పని తొందర. ముహూర్తానికి అందని మేనత్త అప్పుడే బస్సు దిగి వచ్చిందనుకున్నాను.

మూడు ఫొటోలు తీశాను. పెళ్లికూతురు వచ్చి కెమెరాలో చూసింది.

"కాకా, మా అత్త ఏది?"

ఫొటోలో పదమూడు మందే ఉన్నారు. పెళ్లికూతురి ఎడమపక్క ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఆ ఖాళీలో ఆమె వేళ్లు దేన్నో పట్టుకున్నట్టు ముడుచుకుని ఉన్నాయి.

"నేను చెయ్యి పట్టుకున్న కాకా" అంది.

అప్పుడే ఆమె తండ్రికి మేనత్త దగ్గర్నుంచి ఫోను వచ్చింది. బస్సు భద్రావతి దాటగానే చెడిపోయిందట. మేనత్త ఇంకా రోడ్డు మీదే ఉంది. ఫోనులో, ఆమె పక్కన ప్రయాణికులు కండక్టరుతో తగువాడుతున్న గొంతులు నాకూ వినిపించాయి.

మగపెళ్లివారి పెద్దమనిషి గడియారం చూపించాడు. "ఒక్క ఫొటో కోసం బండి ఆపుతరా? పాగల్ పని!"

"అత్త రాకుంటే నేను బండెక్క" అంది పెళ్లికూతురు.

"మాటిచ్చింది నేను. ఆగుండ్రి" అన్నాను.

గంటన్నరకు మేనత్త వచ్చింది. ఎవరూ చెప్పకముందే నేరుగా వెళ్లి పెళ్లికూతురి ఎడమపక్క నిలబడింది.

"ఏంది, అందరు గట్ల చూస్తున్నరు? బస్సు ఖరాబైతే నన్నేం జేయమంటరు?"

ఫొటో తీశాను. పద్నాలుగు. తర్వాత ఆమె బొటనవేలు అడిగాను. వేలికి అడ్డంగా పాత కొడవలి గాటు ఉంది. మొదటి ముద్ర పక్కనే రెండోది వేయించాను.

రెండింటిలోనూ అదే అడ్డగీత, అదే చోట.

మొదటి ముద్ర ఎవరిదో దాని పక్కన రాద్దామని చాలాసార్లు పెన్ను పట్టుకున్నాను. అక్షరాలు వచ్చు. ఏం రాయాలో తెలియడం లేదు.