బైబిల్లో పన్నెండు చీటీలు

నాకు ఏదైనా పెంచి చెప్పే రోగం ఉంది, ముందే ఒప్పుకుంటున్నాను. నక్సలైట్ల రోజులవి. సిరిసిల్లలో యువజన కూడిక జరిగింది. నన్ను బ్రదర్ అని పిలిచే మా కోరుట్ల చర్చి పిల్లలు పన్నెండు మంది, తాము మానుకోవాలనుకున్న పాపాలను చీటీల మీద రాసిచ్చారు. ఎవరికీ చూపనని మాటిచ్చి, బైబిల్లో పెట్టుకున్నాను.

తిరుగు దారిలో పోలీసులు బస్సు ఆపారు. ఏడడుగుల ఎస్సై బైబిలు దులిపాడు.

"గీ చీటీలేంది? అన్నలకు మోస్తున్నవా?"

"నా ప్రాణం తీయుండ్రి సార్, చీటీలు విప్పకుండ్రి!" అన్నాను.

ఆ పన్నెండు మందిలో పదిహేనేళ్ల సువార్త అనే అమ్మాయి లేచింది. "గా నీలం కాయితం నాది. అది చదువుండ్రి సార్."

ఎస్సై పైకే చదివాడు: "ప్రార్థనల బ్రదర్ కునుకు తీస్తుంటె నవ్వుతున్న. క్షమించు ప్రభువా."

బస్సంతా ఘొల్లుమంది. మిగతావి మడత విప్పకుండానే ఇచ్చేశాడు.

ఎస్సై ఎత్తు సంగతి వదిలేయండి. అసలు కల్పించింది నా మాట. నిజానికి నేనన్నది, "అన్నీ విప్పి చూసుకోండ్రి సార్" అని. అది విన్నాకే సువార్త లేచింది.