ఆగ్నేయంలో సరోజన గాలం

మా ఎదురింటి సరోజన గురించి ఎవరైనా "పాపం, నెమ్మదైన మనిషి" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. నెమ్మదైన మనిషట! ఇన్నేళ్ళూ దిగమింగుకుంటే నెమ్మదే అనిపిస్తుంది చూసేవాళ్ళకి. ఆవిడ నోరు తెరిచిన రోజు నేను అక్కడే ఉన్నాను కనక ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

సరోజనది రేపల్లె దగ్గర పల్లె. చిన్నప్పుడు అన్నతో పాటు పంట కాలవ గట్టున కూర్చుని, వెదురు కర్రకి దారం కట్టి కొరమీనులు పట్టిన పిల్ల. అన్నకి చేప పడితే ఊరంతా చెప్పుకునేవారట. తనకి పడితే "ఆడపిల్లకి కాలవ గట్టున ఏం పని?" అని వీపు మీద ఒకటి ఇచ్చేవారట. చేప మాత్రం కూరలోకి వెళ్ళేది. పెళ్ళయి కెనడాలో ఈ ఏజాక్స్ ఊరికి వచ్చాక ఒక పెద్ద కొట్టు బేకరీలో పనికి కుదిరింది. పుట్టినరోజు కేకుల మీద క్రీముతో పేర్లు రాస్తుంది. ఇంటికొస్తే వంట. ఆ మధ్య కాలేజీలకని మన పిల్లలు తండోపతండాలుగా దిగారు కదా, వాళ్ళింటి బేస్‌మెంట్ కూడా ఆడపిల్లలతో నిండిపోయింది. వాళ్ళకి జ్వరమొస్తే మిరియాల చారు కూడా సరోజనే.

మొగుడు జనార్ధనరావు. ఆఫీసులో మేనేజరు, ఇంట్లో అంతకంటే పెద్ద మేనేజరు. చేపల పిచ్చి. పాత అల్యూమినియం పడవ ఒకటి కొని వాకిట్లో ట్రైలర్ మీద పెట్టాడు. ఎండలొస్తే చాలు, ఆదివారం ఆదివారం విట్బీ రేవుకి లాక్కెళ్ళి సాల్మన్ చేపల కోసం సరస్సులో దించుతాడు. తోడు కోదండరామ్ అని స్నేహితుడు. సరోజననీ తప్పకుండా తీసుకెళ్ళేవాడు. 'పెళ్ళాన్ని వదిలి అడుగెయ్యడు' అని నేనూ మురిసిపోయాను.

మురిసిపోయి ఊరుకుంటే నేనెందుకవుతాను? ఆరా తీశాను. పడవలోంచి అయితే ఈ సరస్సులో లైసెన్సు ఉన్న మనిషికి రెండు గాలాలు వేసే వీలుందట. అందుకని సరోజన పేరున కూడా లైసెన్సు తీశాడు మహానుభావుడు. ఆవిడ ఎక్కితే ఇంకో రెండు గాలాలు. లైసెన్సు ఆవిడది, గాలాలు ఈయనవి. ఆవిడ ఒళ్ళో పులిహోర డబ్బా.

ఇది తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఆ వసంతంలో ఒకనాడు చూస్తే జనార్ధనరావు పడవ చుట్టూ ఫోను పట్టుకుని ప్రదక్షిణ చేస్తున్నాడు. టీ గ్లాసుతోనే రోడ్డు దాటాను.

"ఏం నాయనా, పడవకి గృహప్రవేశమా?"

"రాడ్ హోల్డర్లు పిన్నిగారూ. గాలం కర్రని గంటలు గంటలు చేత్తో ఏం పట్టుకుంటాం, ఈ గొట్టంలో గుచ్చితే అదే నిలబడుతుంది. నిరుడు పెట్టినవి బిగించుకునే రకం, వదులై ఒకటి కర్రతో సహా సరస్సులో పడింది. ఈసారి చిల్లులు పెట్టి బోల్టులు వేసేస్తున్నా. ఎక్కడ పెట్టాలో వాస్తు సిద్ధాంతి గారిని అడుగుతున్నా."

ఫోనులో హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన. పడవ ముక్కు వాకిట్లో తూర్పుకి ఉంది. ఆయన ఇల్లు చూసినట్టే చూసి చెప్పేశాడు: వెనక కుడి మూల నైరుతి, యజమాని అక్కడ. వెనక ఎడమ మూల వాయవ్యం, అతిథి అక్కడ. ముందు ఎడమ మూల ఈశాన్యం, ఖాళీగా వదలండి. ముందు కుడి మూల ఆగ్నేయం, ఆహారమూ ఇల్లాలూ అక్కడ.

"నీళ్ళలో పడవ తిరిగితే మూలలు ఎటు పోతాయి నాయనా?" అన్నాను.

"మీకివన్నీ తెలీవులెండి పిన్నిగారూ."

నిజమే, నాది అయిదో తరగతి చదువు. తూర్పెటో మాత్రం ఒకటో తరగతిలోనే చెప్పారు.

చెప్పినట్టే నైరుతిలో మూడు, వాయవ్యంలో మూడు గొట్టాలు బిగించాడు, మోటారుకి అటూ ఇటూ కిక్కిరిసి. అప్పుడే బేస్‌మెంట్లో ఉండే ధరణి కాఫీ షాపు టోపీ తియ్యకుండానే డ్యూటీ నుంచి వచ్చింది. సరోజనని అడిగింది, "ఆంటీ, వీటిలో మీదేది?"

జనార్ధనరావు పకపకా నవ్వాడు. "మీ ఆంటీకి రాడ్ ఎందుకమ్మా? ఆవిడ డిపార్ట్‌మెంట్ పులిహోర!"

సరోజన ఆయనకి అందిస్తున్న స్పానరు నేల మీద పడేసి లోపలికి పోయింది. కింద అద్దెకున్న పిల్లలకి తువ్వాలు తగిలించుకోను తలో మేకు ఉందే, ఇల్లుగలావిడకి పడవలో ఒక గొట్టానికి చోటు లేదా?

ఆదివారం వెళ్ళారు. మధ్యాహ్నానికే తిరిగొచ్చారు, మొహాలు మాడ్చుకుని. సాయంత్రం సరోజన మా వంటింట్లో కూర్చుని చెప్పింది. వేసిన కాసేపటికే దారాలు ఒకదానికొకటి చుట్టుకున్నాయట. ఒకదానికి పెద్ద చేప తగిలిందట. కర్ర తీద్దామంటే దానికున్న దారం చుట్టే చక్రం పిడి పక్క గొట్టానికి అడ్డుపడి రాలేదట. ఈలోగా దారం మోటారుకి చుట్టుకుని తెగిపోయిందట.

"దానికి ఆయన ఏమన్నారో తెలుసా పిన్నిగారూ? 'నువ్వు డబ్బా మూత చప్పుడు చేశావు, చేప బెదిరింది' అన్నారు."

"నువ్వేమన్నావే?"

"చేప పోతే పోయింది. అది నా వంతు గాలానికి పడింది పిన్నిగారూ. పట్టుకుందామని లేచాను. 'కూర్చో, పడవ ఊగుతుంది' అన్నారు. ఆయన లేస్తే ఊగదు, కోదండరామ్ గారు గంతులేస్తే ఊగదు. నేను లేస్తే ఊగుతుందా?" అంటూ గ్లాసు బల్ల మీద కొట్టింది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

మర్నాడు ఆయన ఆఫీసుకి పోగానే ఎదురింటి వాకిట్లోంచి డ్రిల్లు మోత. పరుగెత్తాను. సరోజన పడవలో తన చోటే, ఆ ఆగ్నేయంలోనే, కూర్చుని ఉంది. నైరుతిలోంచి ఒకటి, వాయవ్యంలోంచి ఒకటి గొట్టాలు ఊడదీసి పక్కన పెట్టుకుంది. కూర్చున్నచోటు నుంచి చెయ్యి ఎంత దూరం అందుతుందో చూసుకుంది. కర్ర గుచ్చి, చక్రం తిప్పి, పిడి దేనికీ తగలదని నమ్మాకే గుర్తు పెట్టింది. రెండు గొట్టాల తలలూ మోటారుకి దూరంగా బయటికి వాల్చింది. రేకు చిరక్కుండా అడుగున ఇనప పలక వేసి బోల్టు బిగించింది.

"ఎక్కడ నేర్చావే ఇదంతా?"

"కేకు మీద పేరు ఎక్కడ మొదలెడితే పట్టుద్దో ముందే చూసుకోమా? ఇదీ అంతే. కాకపోతే ఈసారి నా పేరు."

సాయంత్రం కారు దిగుతూనే జనార్ధనరావు వీధంతా వినబడేలా అరిచాడు. "ఆగ్నేయంలో గాలమా! బంగారంలాంటి పడవకి చిల్లులు పెడతావా?"

"మీరు పెడితే వాస్తు, నేను పెడితే చిల్లులా?"

"అయితే ఆదివారం నువ్వు రానక్కర్లేదు!"

"సరే. నేను రాకపోతే నా లైసెన్సూ రాదు. మీరిద్దరూ మీ నాలుగు గాలాలే వేసుకోండి. పులిహోర కూడా మీరే కలుపుకోండి."

నేను మా గుమ్మంలోంచే చప్పట్లు కొట్టాను. కొడితే ఏం?

ఆదివారం పొద్దున్న హారన్ కొట్టాడు. పులిహోర కలిపిన చేతులు ఆయనవే, పోపు మాడిన వాసన నాకు రోడ్డవతలికే తెలిసింది. సరోజన ఎక్కింది. అడక్కుండానే నేనూ ఎక్కాను. రేవు దాటి లోపలికి పోవాలంటే అక్కడ దక్షిణం వైపే పోవాలి. ముక్కు అటు తిరిగింది.

"జనార్ధనరావూ, ఫోన్ తియ్యి" అన్నాను. "ఇప్పుడు నైరుతి ఎక్కడుందో చూడు. సరోజన కూర్చున్నచోటే. నువ్వు కూర్చున్నది వాయవ్యం. అతిథివి, మర్యాదగా ఉండు."

కోదండరామ్‌కి నవ్వు ఆగలేదు. జనార్ధనరావు కళ్ళతోనే నన్ను కాల్చాడు. కాల్చుకోనీ. కాసేపటికి ఆకలి కోపాన్ని మించింది.

"సరోజా, డబ్బా తీసి వడ్డించు."

"చెయ్యి ఖాళీ లేదు." సరోజన కళ్ళూ, చెయ్యీ గొట్టంలోని కర్ర మీదే.

అలిగి తనే డబ్బా తెరిచాడు. ముద్ద నోటి దాకా వెళ్ళిందో లేదో, సరోజన కర్ర నీళ్ళ దాకా వంగిపోయింది. చక్రం కీచుమంది. ఆవిడ ఒక్క ఊపున కర్రని గొట్టంలోంచి లాగి లేచి నిలబడింది.

"కూర్చో, పడవ..."

"మీరు కూర్చోండి!" వెనక్కి చూడకుండా అరిచింది సరోజన. "కూర్చుని ఆ చేతివల ఇటు పట్టండి!"

జనార్ధనరావు పులిహోర చేత్తోనే వల అందుకున్నాడు.